తోడేలు మనిషి ఎవర్ని తింటాడు?

తోడేలు, మేకపిల్ల కథ మనందరికీ చిన్నప్పుడే తెలుసు. వాగులో ఎగువన నీళ్లు తాగుతున్న తోడేలు దిగువనున్న మేకపిల్లతో తగాదా పెట్టుకుంటుంది. నీళ్లు మురికి చేస్తున్నావంటుంది. నిరుడు నన్ను తిట్టావంటుంది. నిరుటికి నేను పుట్టనేలేదని పిల్ల మొత్తుకుంటే, అయితే తిట్టింది మీ నాన్నే అయ్యుంటాడంటుంది. ఆ మాట అనేసి తినేస్తుంది. ఈ కథ ఎప్పుడు గుర్తొచ్చినా అందులో నాకు తోడేలు కనబడదు. ఆకలేసిన తోడేలు ఎవరితోనూ వాదించదు. తినబోయే ముందు కారణం వెతుక్కునే జీవి మనిషొక్కడే.

పౌర్ణమి రాత్రి ఒళ్లంతా వెంట్రుకలు మొలిచి, గోళ్లు పెరిగి, ఊరి మీద పడే తోడేలు మనిషి గురించి రాయాలనుకునేవాళ్లు ముందు ఈ చిన్న కథను ఒకసారి చదువుకుంటే బాగుంటుంది.

బెంగళూరు బెళ్ళందూరులో మేం కొందరం తెలుగువాళ్లం వీలైన ఆదివారాల్లో కూర్చుని, రాసుకున్న కథలు చదువుకుంటాం. ఎక్కువమంది అవుటర్ రింగ్ రోడ్డు మీది ఆఫీసుల్లో పనిచేసేవాళ్లే. ఈమధ్య ఒక కుర్రాడు తోడేలు మనిషి కథ తెచ్చాడు. కథానాయకుడు టెస్టింగ్ ఇంజినీరు. ట్రెక్కింగ్‌కని అడవికి పోయి ఏదో జంతువు చేత కరిపించుకుని వస్తాడు. పున్నమి వచ్చేసరికి బెళ్ళందూరు చెరువు గట్టు మీద మారిపోతాడు. కాలవల్లోంచి పొంగి రోడ్డు మీదికొచ్చే నురగ, ఆ నురగలోంచి లేచే ఆకారం, అన్నీ బాగా రాశాడు. 2015లో ఆ నురగకే నిప్పంటుకున్న చెరువు అది. భయానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. మారిన మొదటి రాత్రే అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వాచ్‌మన్ చచ్చిపోతాడు. తెల్లవారుజామున పనికొచ్చే ఆవిడ రెండోది.

“భయం పుట్టాలంటే ఎవరో ఒకరు చావాలి కదన్నా” అన్నాడు.

ఆ “ఎవరో ఒకరు” అన్న మాట నా మనసులో ఉండిపోయింది. ఈ వారం రాస్తున్నదంతా దాని గురించే.

ముందు ఆకలి సంగతి చూద్దాం. మన దేశపు తోడేలు సినిమాల్లో చూపించినంత పెద్దదేమీ కాదు. ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూ, ఎదిగిన ఊరకుక్కంత ఉంటుంది. కృష్ణజింక, కుందేలు, ఎలుక, అవి లేకపోతే గొర్రె, మేక దాని తిండి. బట్టమేకపిట్ట కోసం పేరుపడిన నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిమైదానంలో తోడేళ్లు కూడా ఉన్నాయి. రాయలసీమ మెట్టల్లో మంద తోలుకుని తిరిగే గొర్రెల కాపరికి తోడేలు పాత శత్రువే. పిల్లనెత్తుకుపోతే తిట్టిపోస్తాడు, కర్ర పట్టుకుని వెంటపడతాడు. కానీ రాత్రికి అదే మంద పక్కన, ఆరుబయట, గొంగడి కప్పుకుని నిద్రపోతాడు. తోడేలు తనను తింటుందని అనుకుంటే ఆ నిద్ర పట్టదు. తోడేలును దగ్గర్నుంచి ఎరిగినవాడి లెక్క అది.

పోనీ, మన తోడేలు మనిషిది మనిషంత కడుపు అనుకుందాం. బెళ్ళందూరులో తిండికి కరువేముంది? వీధికి పది కుక్కలు. రింగ్ రోడ్డు హోటళ్ల వెనకాల అర్ధరాత్రి పారబోసే ఎముకలు. ఆకలే కారణమైతే ఆ జీవి మనిషి జోలికి రావలసిన పనే లేదు. నిజంగా ఊళ్లోకొచ్చిన జంతువు సంగతీ అంతే. 2016 ఫిబ్రవరి 7న, మాకు దగ్గర్లోనే ఉన్న కుందలహళ్లిలో ఒక స్కూల్లోకి చిరుత దూరింది. ఆదివారం కాబట్టి పిల్లలు లేరు. పట్టుకునే ప్రయత్నంలో కొందరు గాయపడ్డారు. వాళ్లలో చిరుతల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న సంజయ్ గుబ్బి కూడా ఉన్నారు. ఈత కొలను పక్కన ఆయన మీద చిరుత పడిన వీడియోను దేశమంతా చూసింది. ఆ చిరుత ఎవర్నీ తినలేదు. బయటికి దారి దొరకక తిరగబడింది, అంతే.

తోడేళ్లు మనుషుల్ని చంపిన సందర్భాలు లేవని నేననను. 1996లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో, ప్రతాప్‌గఢ్, సుల్తాన్‌పూర్, జౌన్‌పూర్ ప్రాంతంలో, డజన్ల కొద్దీ పిల్లల్ని తోడేలు ఎత్తుకుపోయింది. 2024లో అదే రాష్ట్రంలోని బహ్రాయిచ్‌లో మళ్లీ అలాంటి దాడులే జరిగాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పిల్లలే. వేటాడ్డానికి అడవి జంతువు మిగలని చోట, తలుపుల్లేని గుడిసెల్లో, ఆరుబయట పడుకున్న పేదల పిల్లలు.

1996లో ఆ దాడుల వెనకే ఇంకోటి జరిగింది. ఇది తోడేలు కాదు, తోడేలు వేషంలో మనిషి వస్తున్నాడన్న పుకారు పల్లెల్లో పాకింది. రాత్రిపూట జనం కర్రలు పట్టుకుని కాపలా కాశారు. దారిన పోయే కొత్తవాళ్లను పట్టుకుని కొట్టారు. కొందరు ఆ దెబ్బలకే చచ్చిపోయారు. వన్యప్రాణి శాస్త్రవేత్త వై.వి. ఝాలా అక్కడికి వెళ్లి పరిశీలించి, చంపింది మామూలు తోడేలేనని తేల్చారు. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట ఎలా మింగుడుపడుతుంది? జంతువు మీద పగ పట్టడం కుదరదు. మనిషైతే పట్టుకోవచ్చు, నిలదీయవచ్చు. తోడేలు మనిషి పుట్టేది అలాంటి దుఃఖంలోంచే అని నాకనిపిస్తుంది.

మనిషిని చంపిన జంతువు వెనక మనిషే ఉంటాడన్న ఈ నమ్మకాన్ని నాకు తెలిసినంతలో అందరికన్నా స్పష్టంగా చెప్పినవాళ్లు ఖోండులు. ఇటు మన విశాఖ మన్యంలోనూ, అటు ఒడిశా గంజాం, కంధమాల్ కొండల్లోనూ ఉండే జనం. 1840ల్లో గంజాం కొండల్లో పనిచేసిన మెక్‌ఫర్సన్ అనే సైనికాధికారి వాళ్ల నమ్మకాలు రాసిపెట్టాడు. దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ పుస్తకంలోనూ అవి దొరుకుతాయి. వాళ్ల లెక్కలో అసలైన పులి మనుషుల జోలికి రాదు. అది అడవి జంతువును చంపి, సగం తిని వదిలేస్తుంది, మిగిలింది మనిషికి దక్కుతుంది. ఒక పులి మనిషిని చంపిందంటే అది పులి అయ్యుండదు. కోపమొచ్చిన భూదేవి అయినా కావాలి, పులి రూపమెత్తిన మనిషైనా కావాలి. అలా మారే మనిషి ఆత్మలో ఒక భాగం పులిలోకి పోతుందట. అప్పుడు అతను ఇంట్లో నీరసంగా పడుంటాడు. అడవిలో ఆ పులిని చంపితే ఇంట్లో ఇతనూ పోతాడు. మరి ఎందుకు మారతాడంటే, అడవిలో పశువుల్ని పడగొట్టి కడుపునిండా తినడానికి, లేదంటే శత్రువును చంపడానికి.

ఆ రెండు కారణాల్నీ వాళ్లు ఎంత శుభ్రంగా విడదీశారో చూడండి. ఆకలైతే పశువు, మనిషైతే పగ. కథ రాసేవాడికి ఇంతకన్నా పనికొచ్చే పాఠం ఏ క్లాసులోనూ దొరకదు.

పడమటి దేశాల పాత కథలు కూడా ఇదే దారిలో నడిచాయి. గ్రీకుల లైకేయన్ తోడేలుగా మారకముందే జ్యూస్ దేవుడికి నరమాంసం వండి వడ్డించాడు. తోడేలు రూపం దానికి శిక్షగా వచ్చింది. పన్నెండో శతాబ్దంలో మరీ ద ఫ్రాన్స్ రాసిన కథలో తోడేలైన సామంతుడు రాజు దగ్గర పెంపుడు కుక్కలా మెలుగుతాడు. మోసం చేసిన భార్య మీద, ఆమె రెండో మొగుడి మీద తప్ప ఎవరి మీదికీ పోడు. 1692లో ఇప్పటి లాత్వియాలో థీస్ అనే ముసలాయన, తను తోడేలు మనిషినేననీ, నరకానికి పోయి మంత్రగాళ్లు ఎత్తుకెళ్లిన పంటను ఊరికి తిరిగి తెస్తామనీ కోర్టులో చెప్పాడు. కొరడా దెబ్బలు కొట్టి, దేశంలోంచి వెళ్లగొట్టారు. పౌర్ణమి వస్తే చాలు, ఎదురొచ్చినవాడినల్లా చీల్చేసే రాక్షసుడు మనకు ప్రధానంగా 1940ల హాలీవుడ్ నుంచి వచ్చాడు.

2022లో ‘తోడేలు’ పేరుతో తెలుగులోనూ విడుదలైన హిందీ సినిమా ‘భేడియా’ ఆ పాత దారికి మళ్లింది. అరుణాచల్ అడవిలోంచి రోడ్డు వేయించే కాంట్రాక్టు కోసం వచ్చినవాడు తోడేలవుతాడు. అడవికి చేటు చేసేవాళ్ల మీదే పడతాడు. తోడేలుకు తీర్పరి పని అప్పజెప్పడం నాకు పూర్తిగా నచ్చలేదు. అయినా చచ్చిన ప్రతివాడూ ఎందుకు చచ్చాడో ఆ సినిమాకు తెలుసు. అది చిన్న విషయం కాదు.

మళ్లీ మా కుర్రాడి కథ. టెస్టింగ్ ఇంజినీరుకు వాచ్‌మన్ మీద పగ ఉందా? లేదు. ఆ కథలో అతనికి కోపం తెప్పించినవాళ్లు వేరే ఉన్నారు. అప్రైజల్లో అన్యాయం చేసిన మేనేజరు, అడ్వాన్సు తిరిగివ్వని ఇంటి ఓనరు. వాళ్లకు పేర్లున్నాయి, మాటలున్నాయి. వాళ్లను తినే ధైర్యం కథకు చాల్లేదు. వాచ్‌మన్ మాత్రం చావడానికే గేటు దగ్గర నిలబెట్టినట్టున్నాడు. మన భయం కథల్లో ఇది పాత అలవాటు. మొదట చచ్చేది కాపలావాడు, పనిమనిషి, దారిన పోయే తాగుబోతు. వాళ్లు చస్తే పాఠకుడు ఉలిక్కిపడతాడే గానీ ఏడవడు. ఎవరికీ లెక్కలేని ప్రాణాన్ని ముందు బలిపెట్టడం తోడేలు గుణం కాదు, రాసే చేతి గుణం.

రాత్రి ఎప్పుడైనా మా గేటు దగ్గర ఓ పది నిమిషాలు ఆగి చూడండి. రాత్రి ఎనిమిదికి ఎక్కిన డ్యూటీ పొద్దున ఎనిమిదికి దిగుతుంది. చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, దాని వీపుకు వేలాడేసిన స్వెట్టరు, దారం కట్టిన పెన్నుతో రిజిస్టరు. తెచ్చుకున్న అన్నంలో ఓ ముద్ద కాళ్ల దగ్గరి కుక్కలకు పోతుంది. రెండు గంటలప్పుడు ఆఫీసు క్యాబ్ హారన్ కొట్టకముందే ఆ కుక్కలే లేచి మొరుగుతాయి. ఆ డ్యూటీలో ఉండేవాళ్లలో ఒడిశావాళ్లు చాలామంది. కంధమాల్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. తోడేలు మనిషి నిజంగా ఆ గేటు దాకా వస్తే అందరికన్నా ముందు పసిగట్టేది ఆ మనిషీ, ఆ కుక్కలే. అక్కడ ఎంత కథ ఉంది!

తోడేలు మనిషి మనుషుల్ని తినకూడదని నేను చెప్పడం లేదు. తిననివ్వండి. కానీ ఎవర్ని తినాలో నిర్ణయించేది పౌర్ణమి కాదు, మీరే. రేపు మీ కథలో వాచ్‌మన్‌ను చంపబోయే ముందు అతనికొక పేరు పెట్టండి. ఏ ఊరివాడో, ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఏం మాట్లాడాడో రాయండి. ఆ తర్వాత కూడా అతన్ని చంపాలనే అనిపిస్తే, అప్పుడు చంపండి.