రెండో పేరు ఎవరిది?

ఈ వారం నా చిరాకుకు కారణం ఒక చిన్న వీడియో. మా అక్క కొడుకు పంపాడు. ఆస్కార్ వేదిక మీద కవరు విప్పి పేరు చదివేటప్పుడు ఓడిపోయినవాళ్ల ముఖాలు ఎలా మారాయో, ఏళ్ల తరబడి ఫుటేజీలోంచి ఏరి, వరసగా అతికించి, వెనకాల నవ్వుల సౌండు తగిలించారెవరో. "మామయ్యా, నీ కాలమ్‌కి పనికొస్తుంది" అని కింద ఒక మెసేజు. పనికొచ్చింది. వాడు అనుకున్నట్టు మాత్రం కాదు.

ఈ శీర్షిక క్రమం తప్పకుండా చదివేవాళ్లకు సినిమా అవార్డుల మీద నా పాత గొడవలు కంఠతా వచ్చే ఉంటాయి. ఒకటి, హీరో పేరును గుక్క తిప్పుకోకుండా సాగదీసే యాంకరు సౌండ్ ఇంజనీరు పేరు దగ్గరికొచ్చేసరికి సగం మింగెయ్యడం. రెండోది సావిత్రి. (వచ్చాడండీ మళ్లీ సావిత్రి దగ్గరికి, అంటున్నారు కదా. ఒక్క పేరా ఆగండి.) మూడోది, ఓడిన మనిషి ముఖం మీద కెమెరా పెట్టడం. పెళ్లిచూపులకు ఐదుగురు అబ్బాయిల్ని ఒకే సోఫాలో కూర్చోబెట్టి, అమ్మాయికి నచ్చినవాడి పేరు మైకులో చదివి, మిగతా నలుగురినీ చప్పట్లు కొట్టమన్నట్టు ఉంటుంది ఆ తంతు. మన నంది అవార్డుల్లో ఈ అమర్యాద లేదు, అది మన సంస్కారం అని ఇదే పేజీలో గర్వంగా రాశాను కూడా.

నిజానికి ఆస్కార్ వాళ్లూ మొదట్లో ఇలా లేరు. 1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో జరిగిన మొదటి వేడుక పావుగంటలో ముగిసింది. గెలిచిందెవరో అప్పటికి మూడు నెలల ముందే అందరికీ తెలుసు. వచ్చారు, తిన్నారు, బొమ్మ పుచ్చుకుని వెళ్లారు. తర్వాత ఫలితాలను ముందుగా పత్రికలకు మాత్రమే ఇచ్చి, రాత్రి దాకా వేయొద్దన్నారు. 1940లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆగలేక సాయంత్రం ఎడిషన్‌లోనే అచ్చేసింది. దాంతో 1941 నుంచి సీలు వేసిన కవర్లు వచ్చాయి. 1953లో టీవీ వచ్చింది. కవరూ కెమెరా కలిశాక ఓడినవాడి ముఖం కూడా కార్యక్రమంలో ఒక ఐటమ్ అయిపోయింది.

సావిత్రి సంగతి క్లుప్తంగా. జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటికి బహుమతి ఇవ్వడం మొదలైందే 1967 సినిమాల నుంచి. అప్పటికి ఆవిడ గొప్ప పాత్రలన్నీ వెనకబడ్డాయి. ఆ అవార్డు ఆవిడకు రాలేదు. 'మహానటి'లో ఆవిడ పాత్ర వేసిన కీర్తి సురేశ్‌కు వచ్చింది. కీర్తి బాగా చేసింది, ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. అయిపోయింది, ఇక ముందుకు పోదాం.

వీడియోలో 2023 నాటి పాట విభాగం ముక్క కూడా ఉంది. ఆ పొద్దున మనందరం టీవీల ముందు కాఫీ చల్లారబెట్టుకుని కూర్చున్నవాళ్లమే. 'నాటు నాటు' అనగానే ఎగిరాం. కీరవాణి మైకు ముందు కార్పెంటర్స్ పాట బాణీలో కృతజ్ఞతలు పాడుతుంటే, పక్కన చంద్రబోస్ నిలబడి ఉంటే, కళ్లు చెమర్చనివాళ్లు తక్కువ. కానీ ఆ పోటీలో మిగతా నాలుగు పాటలేవో ఎంతమందికి గుర్తు? లేడీ గాగా ఉంది, రిహానా ఉంది. డయాన్ వారెన్ అనే గీత రచయిత్రి ఉంది. పదిహేనుసార్లకు పైగా నామినేషన్ అందుకుని, పోటీలో ఒక్కసారీ గెలవని మనిషి. ఆ వేడుకకు కొన్ని నెలల ముందే ఆవిడకు గౌరవ ఆస్కార్ ఇచ్చారు, అయినా మళ్లీ పోటీకి వచ్చి కూర్చుంది. ఆవిడ ముఖం దగ్గర వీడియో ఆపి చూశాను. ఎందుకొస్తుంది ఈవిడ ప్రతిసారీ?

ఆ ప్రశ్నతో నాకు మా మేకప్ బాబాయి గుర్తొచ్చాడు. బంధువేం కాదు, ఊరందరికీ బాబాయే. పగలు ఆర్టీసీ డిపోలో గుమాస్తా, రాత్రి మా నాటక సమాజానికి మేకప్. నేను ఆ సమాజంలో ప్రాంప్టింగ్ చెప్పేవాణ్ణి, అంతకంటే పెద్ద వేషం నాకెవరూ ఇవ్వలేదు. పరిషత్తు పోటీల్లో రాత్రికి మూడు నాటికలు. ముందు వరసలో చిన్న దీపాలు పెట్టుకుని ముగ్గురు న్యాయనిర్ణేతలు. ఆఖరి రాత్రి ప్రదర్శనలన్నీ అయ్యాక ఏ రెండింటికో బహుమతులు చదివేవాళ్లు. ఆహార్యం, రంగాలంకరణ మొదట వచ్చేవి. జనం దుప్పట్లు మడుచుకునే చప్పుళ్లలో అవి కలిసిపోయేవి.

బాబాయి ప్రత్యేకత ముసలి వేషం. పాతికేళ్ల కుర్రాణ్ణి కూర్చోబెట్టి "నుదురు ముడెయ్యరా" అనేవాడు. ఎక్కడ ముడత పడితే అక్కడే గీత గీసేవాడు, తన ఇష్టమొచ్చిన చోట కాదు. గీత పక్కనే సన్నగా తెల్లరంగు అద్ది వేలితో చెరిపేవాడు. స్పిరిట్ గమ్ మీద క్రేపు వెంట్రుకలు ఒక్కొక్క పాయ అతికించేవాడు. అన్నిటికంటే పిచ్చి చేతుల మీద. ముఖానికి డెబ్బయ్యేళ్లొచ్చి చేతులు పాతికలోనే ఉండిపోతే అది వేషం కాదు మోసం అని ఆయన సిద్ధాంతం. హీరోయిన్ తయారవ్వాలని మేమంతా తొందరపెడుతుంటే, తాత వేషం కుర్రాడి మణికట్టు మీద నరాలు దిద్దుతూ కూర్చునేవాడు.

బహుమతి మాత్రం రాదు. కారణం సులువు. అదే పోటీలో ఎక్కడో ఒక పౌరాణికం ఉంటుంది. కిరీటాలు, భుజకీర్తులు, మీసాలు, తళుకులు. కంటికి కనబడే పనికే ఓటు పడుతుంది, కనబడకుండా చేసిన పనికి పడదు. పెద్ద చోట్లా ఇంతే. ఆస్కార్‌లో దుస్తుల బహుమతి రాజులకో, రాణులకో, గ్రహాంతరవాసులకో పోతుంది తప్ప, నలిగిన చొక్కాను సరిగ్గా నలిపినవాడికి వచ్చేది అరుదు.

ఒక ఏడాది బహుమతులు చదవడం అయిపోయాక టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాం. న్యాయనిర్ణేతల్లో ఒకాయన బాబాయి దగ్గరికి వచ్చాడు. "ఆ తాత చేతులు చూశానండీ" అన్నాడు. "నా కాగితం మీద రెండో పేరు మీదే." అంతే, వెళ్లిపోయాడు. ఆ తర్వాత బాబాయి మాకు చెప్పిన మాటల్లో సగం ఆ మాటే. కొత్త కుర్రాడెవడు సమాజంలో చేరినా వాడికి మొదట చెప్పేది అదే. ఉత్తమ ఆహార్యం గెలిచినవాళ్లు కూడా అంత గర్వంగా తిరగ్గా నేను చూడలేదు. ఆయనకు కావలసింది షీల్డు కాదని, ఆ చేతుల్ని ఎవరో చూశారన్న కబురని నాకప్పుడు తట్టలేదు. పైగా "రెండో పేరుకు ఇంత సంబరమేమిటి బాబాయ్" అని ఎగతాళి చేసిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను.

ఆ జడ్జిగారికి ఆ రాత్రి టీ తాగాలనిపించకపోతే? పరిషత్తు ఫలితాల కాగితం మీద ఒక్కో విభాగానికి ఒక్క పేరే ఉంటుంది. బాబాయి ఎక్కడా ఉండడు.

ఇక్కడే నా మూడో గొడవ నా చేతిలోంచి జారిపోతోంది. ఆస్కార్‌లో నామినేషన్లు వేసేదెవరు? ఆ పని చేసేవాళ్లే. ఎడిటర్ల పేర్లు ఎడిటర్లు రాస్తారు, సౌండ్ వాళ్లవి సౌండ్ వాళ్లు. గెలుపుకు ఓటేసేది అకాడమీ సభ్యులందరూ. అందులో నామినేట్ అయిన సినిమాలు చూడకుండానే ఓటేసేవాళ్లు కూడా ఉండబట్టే కదా, విభాగంలోని సినిమాలన్నీ చూస్తేనే ఓటు అని 2025లో అకాడమీ నిబంధన పెట్టాల్సి వచ్చింది! కాబట్టి పనివాడికి అసలు బహుమానం ఆ ఐదు పేర్ల జాబితాలో ఉండటమే. బొమ్మ దక్కడం ఊరందరి అభిప్రాయం.

సౌండ్ మిక్సర్ కెవిన్ ఓకానెల్ 'టాప్ గన్', 'ఆర్మగెడాన్', 'స్పైడర్‌మ్యాన్' లాంటి వాటికి నామినేట్ అయ్యి ఇరవైసార్లు ఓడిపోయాడు. ఇరవై ఒకటోసారి, 2017లో, 'హ్యాక్‌సా రిడ్జ్'కు గెలిచాడు. ఆయన్ని చాలాకాలం ఆస్కార్ దురదృష్టవంతుడని రాశారు, నేనూ రాశాను. కానీ తనలాగే చెవులతో బతికేవాళ్లు ఇరవైసార్లు "ఈ ఏడాది బాగా చేసినవాళ్లలో వీడొకడు" అని రాసిచ్చారు. డయాన్ వారెన్ మళ్లీ మళ్లీ వచ్చి కూర్చునేదీ అందుకేనని ఇప్పుడనిపిస్తోంది. కెమెరా దానికి కట్టే సుంకం. కట్టొచ్చు.

మరి మన సంస్కారం? 1964లో మొదలైన నందుల్లో ఉత్తమ చిత్రానికి బంగారం, రెండోదానికి వెండి, మూడోదానికి కంచు. సినిమాకైతే రెండో స్థానం ఉంది, మనుషులకు లేదు. జాతీయ అవార్డుల్లో ప్రాంతీయ జ్యూరీలు వడపోసి కేంద్ర జ్యూరీకి పంపుతాయి, వడపోతలో ఎవరెవరు నిలిచారో బయటికి రాదు. తెలుగు పాటకు ఆ అవార్డు అందుకున్నవాళ్లు శ్రీశ్రీ, వేటూరి, సుద్దాల అశోక్‌తేజ, చంద్రబోస్, 'బలగం'కు కాసర్ల శ్యామ్. పదకొండు నందులు అందుకున్న సిరివెన్నెల అందులో లేరు. ఆయన పాట ఏ ఏడాదైనా చివరి బల్ల దాకా వెళ్లిందా, ఎవరైనా దానికోసం వాదించారా? వాదించి ఉంటే ఆ మాట ఆయన బతికుండగా చెప్పాల్సింది. మన మర్యాద ఓడినవాణ్ణి కాపాడలేదు, వాడి పేరే లేకుండా చేసింది.

గెలిచినవాళ్లను మాత్రమే ప్రకటిస్తే గొడవలుండవన్న వాదం ఒకటుంది. 2017 నవంబరులో మూడేళ్ల నందులు ఒకేసారి ప్రకటించినప్పుడు నామినేషన్లేం లేవు. అయినా ఎంత రభస జరిగిందో చూశాం, ఆ నందులు ఎవరి ఇంటికీ చేరనే లేదు. గొడవ పడదలచుకున్నవాడికి ఒక్క పేరు చాలు.

2025 జూన్‌లో హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డులిచ్చింది. కొత్త ఇల్లు కాబట్టి కొత్త అలవాటు చెయ్యడం తేలిక. సౌండు, కూర్పు, ఆహార్యం, కళ, పాట... ఈ విభాగాల్లో జ్యూరీ ఆఖర్న తూచిన మూడు పేర్లూ వారం ముందు ప్రకటించమనండి. తెర వెనక మనిషి తన పేరును పేపర్లో చూసుకుని, కటింగ్ దాచుకుంటాడు. కెమెరా ముఖం మీద పెడతారా, పెట్టుకోనివ్వండి. హీరోల విభాగంలో మాత్రం ఇప్పుడున్నట్టు ఒక్క పేరే చదవండి, రెండో పేరు జ్యూరీ అధ్యక్షుల గుండెల్లోనే భద్రంగా ఉండనివ్వండి. లేదంటే ఆ వారమంతా వాళ్లింటి ముందు పోలీసు జీపు పెట్టాలి, దాని డీజిలు ఖర్చు ఏ పద్దు కింద రాయాలో సమాచార శాఖకు ఇంకో తలనొప్పి.