రెండు రుమాళ్లు: నిరసన చిహ్నాన్ని చదవడం ఎలా?

స్త్రీల హక్కుల ఉద్యమాల్లోని చిహ్నాలను వివరించమంటే చాలామంది విద్యార్థులు 'తెలుపు శాంతికి గుర్తు, ఆకుపచ్చ ఆశకు గుర్తు' అని రాసి ముగిస్తారు. అది వర్ణనే గాని విమర్శ కాదు. ఆ చిహ్నం ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు ధరించారు? ఎవరికి ఎదురుగా ధరించారు? అది ఎవరిని వదిలేసింది? ఈ నాలుగు ప్రశ్నలతో విమర్శ మొదలవుతుంది. అర్జెంటీనాలోని రెండు రుమాళ్ల ద్వారా ఈ పద్ధతిని పరిశీలిద్దాం.

1976లో అర్జెంటీనాలో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. వేలాదిమంది 'అదృశ్యం' అయ్యారు. 1977 ఏప్రిల్ 30న కొందరు తల్లులు బ్యూనస్ ఐర్స్‌లో అధ్యక్ష భవనం ఎదుటి ప్లాసా దె మాయో కూడలిలో కలుసుకొని, తమ పిల్లలు ఎక్కడని అడిగారు. గుమిగూడకూడదని పోలీసులు అనడంతో ఇద్దరిద్దరుగా నడవసాగారు. ఆ అక్టోబరులో లుహాన్ తీర్థయాత్ర జనసమూహంలో ఒకరినొకరు గుర్తుపట్టడానికి, పసిపిల్లలకు కట్టే తెల్లగుడ్డను తలకు కట్టుకున్నారు. తర్వాత దానిపై బిడ్డల పేర్లు కుట్టారు.

ఈ గుడ్డ బలం దాని తెలుపులో లేదని గమనించండి. కుటుంబం పవిత్రమని చెప్పుకున్నది ఆ ప్రభుత్వమే. తల్లులు ఆ మాటనే దానికి ఎదురు నిలిపారు. పాలకులు వారిని 'పిచ్చివాళ్లు' అనగలిగారు గాని, తల్లి బిడ్డను వెతకడం నేరమని బాహాటంగా అనలేకపోయారు. అయితే చిహ్నం ప్రాణాలకు రక్షణ కాలేదు. 1977 డిసెంబరులో అసుసేనా విల్లాఫ్లోర్‌తో సహా ముగ్గురు వ్యవస్థాపక సభ్యులను అపహరించి చంపారు.

ఇక నాలుగో ప్రశ్న. తెల్ల రుమాలు స్త్రీ గొంతుకు గౌరవం తెచ్చింది, కాని తల్లిగానే. తల్లి కాని స్త్రీ, తల్లి కావద్దనుకున్న స్త్రీ ఏ హోదాతో మాట్లాడాలి? 2003లో రోసారియో నగరంలో జరిగిన జాతీయ మహిళా సమావేశంలో, గర్భస్రావ హక్కు కోసం కనిపించిన ఆకుపచ్చ రుమాలును ఈ ప్రశ్నకు జవాబుగా చదవవచ్చు. రూపం పాతదే, రంగు మారింది, మెడకూ మణికట్టుకూ సంచికీ చేరింది. దీన్ని తల్లుల పట్ల తిరస్కారంగా భావించకండి. ఆ తల్లుల్లో ఒకరైన నోరా కోర్తీన్యాస్ ఈ హక్కును బహిరంగంగా సమర్థించారు. ఆకుపచ్చ రుమాలు తెల్ల రుమాలుకు వారసురాలు, విమర్శకురాలు కూడా.

2018లో ఈ హక్కును వ్యతిరేకించినవారు సైతం లేతనీలి రుమాళ్లు కట్టుకున్నారు. అంటే రూపం ఎవరి సొత్తూ కాదు. దానికి అర్థాన్నిచ్చేది వెనుకనున్న పని. 2005లో మొదలైన ప్రచారోద్యమం పదేపదే పార్లమెంటుకు బిల్లు సమర్పించింది. 2018లో సెనేట్ తిరస్కరించింది. చివరికి 2020 డిసెంబరు 30న గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసే బిల్లుకు ఆమోదం లభించింది.

మీకు తెలిసిన ఒక ఉద్యమ చిహ్నానికి ఈ నాలుగు ప్రశ్నలు వేసి, జవాబులు రాయండి. నాలుగోదాన్ని దాటవేయకండి. మనం అభిమానించే ఉద్యమాన్ని అడగడానికి అదే కష్టమైన ప్రశ్న.