బొగ్గు ఊరికి ఏ అత్తరు?

బొగ్గుకూ అత్తరుకూ చుట్టరికం ఉందంటే గోదావరిఖనిలో నవ్వుతారు. ఉంది మరి. బొగ్గు తారు నుంచి తీసిన రసాయనాలతోనే విలియం పెర్కిన్ 1868లో కూమరిన్ తయారుచేశాడు. కోసిన గడ్డి ఎండుతున్నప్పటి తియ్యని వాసన దానిది. 1882లో ఫ్రాన్స్‌లోని హూబిగాన్ సంస్థ దాన్ని ‘ఫుజేర్ రాయల్’ అనే పెర్ఫ్యూమ్‌లో వాడింది. ఇవాళ్టి పెర్ఫ్యూమ్ పరిశ్రమ అక్కణ్నుంచే మలుపు తిరిగింది. మన సింగరేణి బొగ్గు కోకింగ్ రకం కాదు గనుక ఆ వైపు పోలేదు, ఎక్కువగా కరెంటు బాయిలర్లలోకే పోతోంది.

ఈ బొగ్గు పట్టీలో ఆడవాళ్ల కోసం కొత్త పరిమళాలు చేసి అమ్మాలంటే ముందు ఎండను లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊరు రామగుండం. స్పిరిట్ స్ప్రే కొట్టుకుని బస్టాండుకు చేరేసరికి సగం వాసన గాలిలో కలిసిపోతుంది. నూనె అలా వదిలిపెట్టదు. మన పాత పద్ధతులు చాలావరకు నూనె చుట్టూ తిరిగింది ఊరికే కాదు.

ఆ పాత విద్య పేరు గంధయుక్తి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దానికో అధ్యాయమే కేటాయించాడు. పదహారు ద్రవ్యాల్లో నాలుగేసి ఎంచితే 1820 కూర్పులనీ, పాళ్లు కూడా మారిస్తే 1,74,720 అనీ లెక్కగట్టాడు. ‘కొత్త వేరియంట్’ అంటూ మురిసిపోయే మార్కెటింగ్ వాళ్లు ఒకసారి చూడాల్సిన లెక్క ఇది. తర్వాత గంగాధరుడి గంధసారం ఆరు క్రియలు చెప్పింది: భావన, పచన, బోధ, వేధ, ధూపన, వాసన. చివరి రెండూ మన ఇళ్లలో ఇంకా బతికే ఉన్నాయి. తలంటి తర్వాత తడిజుట్టుకు సాంబ్రాణి పొగ పట్టడం ధూపనమే. పూల వాసనను ఇంకో వస్తువుకు ఎక్కించడమే వాసన.

చార్మినార్ దగ్గర దొరికే అత్తర్ల వెనకున్న కనౌజ్ పద్ధతి వేరు. డేగు అనే రాగి బానలో పూలు, నీళ్లు పోసి, మూతి చుట్టూ మట్టీ దూదీ మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి తాడు చుట్టిన వెదురు గొట్టం గుండా చల్లటి నీళ్లలో ఉన్న భప్కా అనే పాత్రలోకి దిగుతుంది. అందులో ముందే పోసి ఉంచిన గంధపు నూనె ఆ పరిమళాన్ని పీల్చుకుంటుంది. భప్కా ఎంత వేడెక్కిందో పనివాడు చేత్తో తాకి చూసుకుంటాడు. ఎక్కువైతే డేగును తడిగుడ్డతో తుడిచి ఆవిరిని అదుపు చేస్తాడు. గొప్ప విద్యే, కానీ గంధపు నూనె ధర ఆకాశంలో ఉంది. అందుకే చవక సీసాల్లో దాని బదులు లిక్విడ్ పారాఫిన్ పోస్తున్నారు. అలాంటి దాన్ని ‘సంప్రదాయం’ పేరుతో అమ్మడం నాకు నచ్చదు.

నన్నడిగితే ఈ పట్టీకి నప్పేది నువ్వుల పద్ధతి. డేగు అక్కర్లేదు, మంట అక్కర్లేదు. పొట్టు తీసి, కడిగి, బాగా ఆరబెట్టిన తెల్ల నువ్వులు ఒక పొర, మల్లెలు ఒక పొర, మళ్లీ నువ్వులు. మల్లె తెంపిన తర్వాత కూడా గంటల తరబడి పరిమళిస్తూనే ఉంటుంది. అందుకే సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గల్నే పరుస్తారు. రాత్రంతా నువ్వులోని నూనె ఆ వాసనను తాగుతుంది. తెల్లారి వాడిన పూలు ఏరేసి, మళ్లీ కొత్త పూలు. ఏరకుండా వదిలేస్తే వాటి తడికి బూజు పడుతుంది, గింజంతా పాడు. ఇలా రోజుల తరబడి చేశాక వేయించకుండానే గానుగ ఆడిస్తారు. వేయిస్తే వచ్చేది పచ్చడిలోకి పనికొచ్చే నూనె! నువ్వుల నూనెకు ఇంకో మంచి గుణం, తొందరగా ముక్కిపోదు. ఒక్క లోపం మాత్రం దాచకూడదు: చీరకు తగిలితే మరక. కాబట్టి ఇది మణికట్టుకూ జడకూ.

జతగా వట్టివేళ్లది ఒకటీ దవనానిది ఒకటీ చేస్తే మూడు సీసాల వరస అవుతుంది. ఇవి డేగులోనో స్టీలు యూనిట్లోనో దిగాల్సినవే. సుగంధ మొక్కల సాగుకూ వాటి నూనె దించడానికీ సాయంగా హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) కేంద్రం ఉంది. 2017లో మొదలైన అరోమా మిషన్ ఉద్దేశమూ అదే. ఒంటికి రాసుకునేది తయారుచేసి అమ్మాలంటే కాస్మెటిక్ లైసెన్సు తప్పదు. స్పిరిట్ జోలికి పోకపోతే ఎక్సైజ్ శాఖ చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది, మహిళా సంఘాలకు అది చిన్న మేలేం కాదు.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పంటే చెబుతుంది. జగిత్యాల వైపు యాసంగి నువ్వులు ఏప్రిల్, మే నెలల్లో చేతికొస్తాయి. మల్లెలు విరగబూసేదీ అప్పుడే. అప్పుడు గానుగ ఆడించి తేర్చిపెట్టుకుంటే, వానాకాలమంతా పది మంది చేతులకు రాసి దురద, దద్దుర్లు వస్తున్నాయేమో చూసుకోవచ్చు. వంటింటి సెగ దగ్గర వాసన ఎంతసేపు నిలుస్తోందో కూడా తేలుతుంది. సింగరేణి కార్మికులకు లాభాల వాటా సాధారణంగా దసరాకు ముందే పడుతుంది. గోదావరిఖని లక్ష్మీనగర్ దుకాణాల్లో బతుకమ్మ చీరల బేరాలు జరిగే ఆ వారంలోనే సీసా కూడా అక్కడ కనిపించాలి, అదీ చిన్న సైజులో.