చేప కన్నా ముందు తొట్టి

ఇంట్లో చేపలు పెంచడం మంచిదా కాదా అని అడిగితే రెండు వైపులా జవాబులు సిద్ధంగా ఉంటాయి. మంచిదనేవాళ్ళ లెక్కలో చేప అరవదు, కరవదు, బొచ్చు రాల్చదు, ఇంటి ఓనరుకు అభ్యంతరం ఉండదు, పిల్లలకు కాలక్షేపం, పెద్దలకు మనశ్శాంతి, పైగా వాస్తుకు మంచిదట. వద్దనేవాళ్ళ లెక్కలో నోరులేని ప్రాణిని గాజులో బంధించడం పాపం, నీళ్ళు కంపు కొడతాయి, ఎలాగూ నెల తిరక్కుండా చచ్చిపోతుంది. ఏ తొట్టిలో, ఎలాంటి నీటిలో అన్న సంగతి తేల్చకుండానే ఈ వాదన నడుస్తుంటుంది. అందరికీ తెలిసిన గోల్డ్‌ఫిష్‌నే చూడండి. మన ఇళ్ళలో దాని ఆయుష్షు తరచుగా వారాల్లోనే ముగుస్తుంది. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 1956లో ఒక సంతలో బహుమతిగా గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ మాత్రం 43 ఏళ్ళు బతికి 1999లో చనిపోయింది, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అంత కాకపోయినా, సరిగ్గా చూసుకుంటే పదేళ్ళు దాటడం ఈ జాతికి మామూలే. ఒకే జాతి చేపల ఆయుష్షులో ఇంత తేడా వస్తోందంటే దానికి కారణాన్ని పెంపకంలోనే వెతకాలి. చేపల పెంపకంలో లాభమైనా నష్టమైనా ముందు నీటిలో, ఆ నీరు నిలిచే తొట్టిలో నిర్ణయమైపోతుందన్నది ఈ వ్యాసం వాదన. దానికి సాక్ష్యం జపాన్‌లో మూడు వందల ఏళ్ళుగా సాగుతున్న గోల్డ్‌ఫిష్ పెంపకం.

ఈ చేప పుట్టిల్లు చైనా. బూడిద రంగు చెరువు చేపల్లో అరుదుగా ఎర్ర పొలుసులవి కనిపిస్తాయని జిన్ వంశ కాలం నాటికే, అంటే క్రీ.శ. మూడు, నాలుగో శతాబ్దాల నాటికే, అక్కడివాళ్ళు గమనించారు. సాంగ్ రాజుల కాలంలో వాటిని కొలనుల్లో వేరుగా పెంచారు. మింగ్ కాలానికి అవి మామూలు ఇళ్ళలోని పింగాణీ తొట్లలోకి వచ్చాయి. జపాన్‌కు 1502లో సకాయి రేవు ద్వారా వచ్చాయని చెబుతారు. చాలాకాలం దొరల ముచ్చటగానే ఉండిపోయాయి. 1724లో యనగిసావా వంశపు ప్రభువును కాయి ప్రాంతం నుంచి నారా దగ్గరి కోరియామాకు మార్చినప్పుడు గోల్డ్‌ఫిష్ కూడా ఆయన పరివారంతో ఆ ఊరికి చేరింది. జీతం చాలని చిన్న సమురాయిలు ఇంటి వెనక తొట్లు కట్టి వీటిని పెంచి అమ్ముకున్నారు. 1868 తర్వాత సమురాయిల జీతాలు పోయినప్పుడు ఆ పక్కవృత్తే చాలామందికి జీవనాధారమైంది. ఊరు అచ్చివచ్చిందనడం కన్నా నీరు అచ్చివచ్చిందనడం నిజం. కోరియామా చుట్టూ వ్యవసాయ చెరువులు ఎక్కువ, ఆ చెరువుల నిండా చేపపిల్లలు తినే నీటి పురుగులు. 1748 నాటికే 'కింగ్యో సొదతెగుస' అని గోల్డ్‌ఫిష్ పెంపకం మీద ఒక పుస్తకం కూడా అచ్చయింది. ఎడో (నేటి టోక్యో) నగర వీధుల్లో వేసవి వస్తే కావడి భుజాన వేసుకుని, రెండు వైపులా చెక్క తొట్లలో చేపలు పెట్టుకుని, కేక వేసుకుంటూ అమ్మేవాళ్ళు తిరిగేవారు.

ఆ పెంపకంలో తొట్టి ఎప్పుడూ వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. రాంచూ అనే రకాన్ని పెంచేవాళ్ళు మోకాలి లోతు నీళ్ళు కూడా పెట్టరు, పిల్లలకైతే జానెడు లోపే. చూడ్డానికి పేదగా కనిపించే ఈ ఏర్పాటులో లెక్క ఉంది. నీటిలోకి ప్రాణవాయువు పై ఉపరితలం నుంచి దిగుతుంది. కాబట్టి చేపకు ఎన్ని లీటర్లున్నాయన్నదెంత ముఖ్యమో గాలికి తగిలే వెడల్పు ఎంతన్నదీ అంతే ముఖ్యం. రెండో లెక్క విషానిది. చేప తిన్న మేతలోని నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల ద్వారా అమ్మోనియాగా బయటికి పోతుంది. చెరువులో అది పలచబడిపోతుంది, చిన్న పాత్రలో పేరుకుని ఆ మొప్పలనే కాలుస్తుంది. దాన్ని విరిచేవి బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండూ కొత్త తొట్టిలో ఉండవు. గోడలకూ, రాళ్ళకూ, ఫిల్టరు స్పాంజికీ పట్టుకుని పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెచ్చిన వారం హుషారుగా తిరిగిన చేప రెండో వారంలో ఎందుకు తేలిపోతుందో చాలా ఇళ్ళలో అర్థంకాని విషయం. దిష్టి తగిలిందనుకుంటారు. తగిలింది అమ్మోనియా. అది చూసి భయపడి మిగతా చేపల్ని బకెట్లో వేసి, తొట్టినీ రాళ్ళనూ సబ్బు పెట్టి తోమి, కుళాయి నీళ్ళు నింపితే అప్పుడప్పుడే పట్టుకుంటున్న బ్యాక్టీరియా కూడా పోతుంది, ఆపైన క్లోరిన్ మిగులుతుంది. శుభ్రత మీది మన మమకారం చేపల్ని చంపినంతగా అశ్రద్ధ కూడా చంపి ఉండదు.

ఈ రసాయనశాస్త్రం ఏదీ తెలియని కాలంలో జపాన్ పెంపకందార్లు పచ్చ నీటిని నమ్మారు. ఎండ తగిలే తొట్టిలో కంటికి కనపడని నాచు పెరిగి నీరు లేత పచ్చగా మారుతుంది. ఆ నాచు అమ్మోనియాను పీల్చుకుంటుంది, చేపకు చిరుతిండి అవుతుంది, ఎరుపు రంగునూ చిక్కబరుస్తుంది. ఇప్పటికీ నీళ్ళు మార్చేటప్పుడు కొత్త నీటిని ముందురోజే ఎండలో నిలబెడతారు. క్లోరిన్ పోతుంది, రెండు నీళ్ళ వేడీ సమానమవుతుంది. తర్వాత పాత పచ్చ నీటిని కొంత మిగిల్చి అందులో కలుపుతారు. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల రైతులకు ఇదేమీ కొత్తగా అనిపించదు. గట్టు మీద నిలబడి నీటి రంగు చూసి చెరువు ఆరోగ్యం చెప్పడం వాళ్ళకు రోజువారీ పని. పచ్చదనం మితిమీరితే రాత్రిపూట నాచే ప్రాణవాయువును తినేసి, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయనీ వాళ్ళకు తెలుసు. సిమెంటు తొట్టి కట్టినా సున్నపు ఘాటు పోయేదాకా నీళ్ళు నింపుతూ పారబోస్తూ కొన్ని వారాలు ఆగాలి. జపాన్‌లోనూ అదే పద్ధతి.

తొట్టి చేపను బతికించడంతో ఆగదు, దాని ఒంటిని కూడా మలుస్తుంది. చెక్క తొట్టికీ సిమెంటు తొట్టికీ గోడలోంచి చూసే వీలు లేదు, పైనుంచే చూడాలి. అందుకే జపాన్ రాంచూ అందమంతా వీపులో ఉంటుంది. వీపు మీద రెక్క ఉండదు, వెన్ను గుండ్రంగా వంగి తోక దగ్గర దిగుతుంది, తోక విసనకర్రలా రెండు పక్కలకూ విచ్చుకుంటుంది. ఏటా నవంబరు 3న జరిగే జాతీయ రాంచూ పోటీలో కూడా తెల్లని వెడల్పు పళ్ళేల్లో చేపను వదిలి పైనుంచే మార్కులు వేస్తారు, సుమో కుస్తీ వీరుల హోదాలే చేపలకూ ఇస్తారు. ఆ రూపం ఊరికే రాదు. వసంతంలో ఒక్క ఆడచేప వేల గుడ్లు పెడుతుంది. పిల్లలు రెండు మూడు వారాల వయసుకు రాగానే తెల్ల గిన్నెలోకి తీసి తోక చూసి ఏరడం మొదలవుతుంది. తోక అతుక్కున్నవి, వెన్ను వంకరవి, వీపు మీద ముల్లు మొలిచినవి తీసేస్తారు. నల్లగా ఉండే పిల్లలు ఎరుపుకు తిరిగేలోపు ఇంకా కొన్ని ఏరివేతలు. వేలల్లో మొదలైంది పదుల్లో తేలుతుంది.

గాజు వచ్చాక చూపు పక్కకు మారింది. జపాన్ కూడా అమాయకం కాదు, ఎడో కాలం చివర్లోనే చూరుకు వేలాడదీసే గాజు గోళాల్లో చేపల్ని ఉంచేవారు. యూరప్‌లో పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అక్వేరియం మోజు పుట్టింది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త మొక్కలూ చేపలూ నత్తలూ ఒకే గాజు తొట్టిలో ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయని చూపించాడు. ఆ తెలివి ప్రయోగశాలల్లోనూ ప్రదర్శనశాలల్లోనూ నిలిచింది. మన షోకేసుల మీదికి మాత్రం గుండ్రటి బుడ్డి వచ్చింది. మూతి ఇరుకు, కడుపు వెడల్పు: నిండా పోస్తే గాలికి తగిలేది అరచేతి వెడల్పు. ఫిల్టరుకు చోటు లేదు. వేడెక్కే కొద్దీ నీరు మోసే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలిస్తే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే నిలుస్తాయి. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప, మన మే నెలలో బుడ్డిలోని నీరు 30 డిగ్రీలు దాటడం పెద్ద విషయమేం కాదు. ఈ చేప దురదృష్టం దాని మొండితనమే. మంచు కప్పిన చెరువు అడుగున ప్రాణవాయువు లేకపోయినా ఒంట్లోని లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాలుగా మార్చి విసర్జించుకుంటూ నెలలు నెట్టుకురాగల జీవి ఇది. అది ఎలా సాధ్యమో 2017లో శాస్త్రవేత్తలు విడమరిచి చెప్పారు. అంత మొండిది కనుకే బుడ్డిలో కూడా కొన్నాళ్ళు బాగున్నట్టు కనిపిస్తుంది, అమ్మేవాడికి ఆ కొన్నాళ్ళు చాలు. రోమ్ నగరం 2005లో గుండ్రటి బుడ్డుల్లో చేపల్ని పెంచడాన్నీ, సంతల్లో చేపల్ని బహుమతులుగా ఇవ్వడాన్నీ నిషేధించింది. నవ్వుకున్నవాళ్ళు ఉన్నారు, కానీ నియమం సరిగ్గా పాత్రనే పట్టుకుంది.

చేపకు బాధ తెలియదు, మూడు క్షణాలకు మించి జ్ఞాపకం ఉండదు, దానికి ఏ పాత్రయితేనేం అని అడిగేవాళ్ళకు జవాబు ఇప్పుడు స్పష్టంగానే ఉంది. 2003లో లిన్ స్నెడ్డన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూసింది. అవి మేత మానేశాయి, ఊపిరి వేగం పెరిగింది, కొన్ని పెదవుల్ని అడుగునున్న గులకరాళ్ళకు రాసుకున్నాయి. మనిషి అనుభవించే నొప్పీ అదీ ఒకటేనా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. చర్చ తేలేదాకా అనుమానపు లాభం చేపకు ఇవ్వడమే న్యాయం. ఇక జ్ఞాపకం సంగతి, మేత వేసే వేళనూ వేసే చేతినీ గుర్తుపట్టి ముందుకు వచ్చే గోల్డ్‌ఫిష్‌ను చూసిన ఎవరైనా ఆ మూడు క్షణాల కథను నమ్మలేరు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. మీరు పొగుడుతున్న సంప్రదాయమే క్రూరమైనది కదా అన్నది. నిజమే, దాన్ని దాటవేయలేం. ఒళ్ళు పొట్టిగా గుండ్రంగా పెంచిన రకాల్లో లోపలి అవయవాలు ఇరుకున పడి, ఈత తిత్తి అదుపు తప్పి, చేప తలకిందులుగా తేలుతుంది. కళ్ళ కింద నీటి బుడగలు వేలాడే రకం ఒక్క రాయి గుచ్చుకుంటే గాయపడుతుంది. చూపు శాశ్వతంగా ఆకాశం వైపే ఉండే రకం మేత వెతుక్కోవడానికే తడబడుతుంది. జికిన్ రకానికి ఎరుపు కావలసిన చోటే ఉండేలా చిన్నప్పుడే పొలుసులు పీకే అలవాటు కూడా ఆ దేశంలో ఉంది. ఏరివేతలో పోయే పిల్లల సంగతి సరేసరి. చెరువులోనైతే అంతకన్నా ఎక్కువ పిల్లలు పెద్ద చేపల పాలవుతాయన్న సమాధానం నాకు చాలదు. చెరువు అందం కోసం చంపదు. కాబట్టి ఈ సంప్రదాయంలో నీటి విద్యను తీసుకుని ఒంటి విద్యను వదిలేయవచ్చు. వాకిన్ అని పొడవాటి, చెరువు చేప ఆకారానికి దగ్గరగా ఉండే పాత రకం ఉంది. చవక, గట్టిది, బాగా ఈదుతుంది. పోటీల్లో రాంచూకు ఉన్న గౌరవం దానికి లేదు. ఇంట్లో తొట్టికి మాత్రం అదే తగినది.

మనుషులకు కలిగే మేలు మీద కూడా కొంత సాక్ష్యం ఉంది. అక్వేరియం చూస్తున్నప్పుడు రక్తపోటు తగ్గుతుందని 1980లలో అమెరికా పరిశోధకులు రాశారు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది 2015లో టెక్సస్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనం. టైప్ 1 మధుమేహం ఉన్న, 10 నుంచి 17 ఏళ్ళ లోపు 28 మందిలో కొందరికి చేపను ఇచ్చి, ఉదయం సాయంత్రం మేత వేసే వేళకే తమ రక్తంలో చక్కెర చూసుకోమన్నారు, వారానికోసారి నీళ్ళు మార్చే రోజున పెద్దలతో ఆ అంకెలు చర్చించమన్నారు. మూడు నెలల్లో వాళ్ళ చక్కెర అదుపు మిగతావాళ్ళ కన్నా మెరుగుపడింది. ఇంత కొద్దిమంది మీద తేలినదాన్ని శాసనంగా తీసుకోకూడదు. కానీ అక్కడ పనిచేసింది చేప అందం కాదని గమనించాలి, వేళకు చేయాల్సిన పని. పెద్దలు నీళ్ళు మారుస్తుంటే పిల్లలు చూస్తూ కూర్చునే ఇంట్లో ఆ లాభం రాదు.

నష్టం ఇంటి గోడ దాటి కూడా పోతుంది. విసుగొచ్చిన చేపను చంపలేక చెరువులో వదలడం చాలామందికి పుణ్యకార్యంలా కనిపిస్తుంది. అమెరికాలోని మిన్నెసోటాలో బర్న్స్‌విల్ అనే ఊరి సరస్సులో అలా వదిలిన గోల్డ్‌ఫిష్‌లు అడుగుకు పైగా పెరిగి అడుగు మట్టిని కలచివేస్తున్నాయని, దయచేసి వదలకండని 2021లో నగరపాలక సంస్థ ప్రజల్ని వేడుకుంది. మన దగ్గర అద్దాలకు పట్టిన పాచి తింటుందని తెచ్చుకునే సక్కర్ చేప ఇప్పుడు కృష్ణా నీళ్ళలో కనిపిస్తోంది, గట్టి ముళ్ళ రెక్కలతో జాలర్ల వలల్ని చించుతోంది. ఇంకో పక్క పడమటి కనుమల వాగుల్లోని 'మిస్ కేరళ' చేపను అక్వేరియం వ్యాపారం కోసం తెగ పట్టడంతో దాని సంఖ్య పడిపోయింది. ఈ లెక్కలో గోల్డ్‌ఫిష్‌కు ఒక సుగుణం ఉంది: వెయ్యేళ్ళుగా మనుషుల పెంపకంలోనే పుడుతోంది, దానికోసం ఏ వాగునూ ఖాళీ చేయనక్కర్లేదు.

ఇక కొనేవాళ్ళ వరస మారాలి. దుకాణంలో తొట్టి, రాళ్ళు, ప్లాస్టిక్ మొక్క, చేపలు ఒకే సంచిలో అదే రోజు ఇస్తారు. ముందు తొట్టి రావాలి: డాబా మీదో వరండాలోనో సగం నీడ పడే చోట, మూతి వెడల్పు సిమెంటు తొట్టి, గట్టి వల మూత, ఒక కలువ మొక్క. నీరు ఆరేడు వారాలు నిలబడి లేత పచ్చకు తిరిగాక రెండు వాకిన్‌లు, అంతకు మించి వద్దు. దోమ పిల్లలు పెరిగితే వాటిని ఆ చేపలే చూసుకుంటాయి. మేత రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే. ఊరెళ్ళేటప్పుడు ఎదిగిన చేపను వారం పస్తుంచినా దానికేమీ కాదు. మేత డబ్బా పక్కింటివాళ్ళ చేతికిచ్చి వెళ్ళినప్పుడే భయపడాలి.