బాలనటశిక్షణము: కంఠపాఠము, ఆశుభాషణము

తంజావూరు జిల్లాలోని మెలట్టూరున నృసింహజయంతికి ఆడెడి భాగవతమేళమును చూచినవారికి ఒక వింత తోచక మానదు. నాటకము తెనుగు; నటుల ఇంటిభాష తమిళము. వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రమున లీలావతి మొదలగు స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరింతురు. కోణంగి గంతులిడి పోయిన పిదప గణపతి ముఖము తగిలించుకొని వచ్చునది ఒక చిన్నబాలుడు. ప్రహ్లాదుడును బాలుడే. తండ్రులు, మేనమామలు ఆడుచుండగా చూచుచు ఆ కుఱ్ఱలు రంగమునకు వత్తురు. తాళజ్ఞానము, నిలుకడ, పెద్దలయెడ వినయము ఇట్లు అబ్బునవే గాని వేసవి తరగతులలో లభించునవి కావు.

మాట విషయము వేఱు. తమిళలిపిలో క, గలకును, త, దలకును, ప, బలకును వేర్వేఱు అక్షరములు లేవు. ఆ లిపిలో తెనుగు వ్రాసికొని వల్లించు బాలునకు గురువు నోరే దిక్కు. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు: నేర్చిన వాక్యము మఱచినచో దాని స్థానమున వేఱొక వాక్యము వానికి తోచదు. కూచిపూడి భామాకలాపమున మాధవి సత్యభామతో అప్పటికప్పుడు కల్పించి పరిహాసములాడును. ఆ స్వేచ్ఛకు ఇంటిభాషయే మూలధనము.

ఇంటిభాష వేఱైన పిల్లలచే నాటకమాడించు సమస్యను అమెరికాలో వయోలా స్పోలిన్ ఎదుర్కొన్నది. 1939 ప్రాంతమున షికాగోలో వలసకుటుంబముల పిల్లలకొఱకు ఆమె కల్పించిన రంగస్థలక్రీడలు 1963లో గ్రంథరూపమున వెలువడినవి. అందు పిల్లవానికి పాఠము ఈయరు. ఎక్కడ, ఎవరు, ఏమి చేయుచున్నారు అను మూడింటిని నిర్ణయించి విడిచిపెట్టుదురు. అర్థములేని ధ్వనులతో సంభాషించు ఆటయు కలదు. అందు భాష వచ్చినవాడును రానివాడును సమానులే.

అయినను ఈ పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకొన్న తెలుగు సంఘములకు ప్రయోజనము స్వల్పము. ఆ క్రీడ బెరకును పోగొట్టునే గాని భాషను ఈయదు. ఆట వేడెక్కగనే హోసూరు పిల్లవాడు తమిళములోనికో, బరంపురము పిల్లవాడు ఒడియాలోనికో జాఱును. ఇచ్చట స్పోలిన్ ఉపాయమే ఒకటి అక్కఱకు వచ్చును. ఆట ఆపకయే గురువు పక్కనుండి హెచ్చరించుచుండవలెనని ఆమె మతము. ఆమె దానిని దృష్టి నిలుపుటకు వాడినది. తెనుగు గురువు తోచని మాటను అందించుటకును వాడవచ్చును. సంతలో దోసకాయల బేరము ఆడించి, అమ్ముదానిగా ఒక అవ్వను కూర్చుండబెట్టినచో ఆ పక్కమాటయు అంతగా అవసరపడదు.

వార్షికోత్సవములలో మాత్రము తప్పులేని కంఠపాఠమునకే బహుమతి. వేదికపై పుటలకొలది సంభాషణ అప్పగించిన బాలుడు, తెర దిగినపిదప దాహమైనదని తల్లితో వేఱొక భాషలో చెప్పుచున్నాడు. బహుమతి నిర్ణేతలు అప్పటికి లేచి వెళ్ళిపోయి యుందురు.