ముసలి కుక్కకు ఇల్లు వెతకడం

కుక్కను ఇస్తామంటే ఎవరైనా ముందు అడిగేది వయసే. ఏడెనిమిదేళ్లు దాటి ఉంటాయని చెప్పగానే ఫోన్లో అవతలి గొంతు మారిపోతుంది. "పిల్ల ఏమన్నా ఉంటే చెప్పండి" అని పెట్టేస్తారు. భద్రాచలం దగ్గర గోదావరికి ఇటు బూర్గంపాడు వైపైనా, అటు దుమ్ముగూడెం వైపైనా ఇదే మాట. వాళ్లను తప్పుపట్టలేను. అడవి అంచు ఊళ్లలో కుక్కంటే పని. పోడు చేలో మంచె కింద పడుకుని అడవిపందిని పసిగట్టాలి, మేకల వెంట నడవాలి, రాత్రంతా ఇల్లు కాయాలి. కీళ్లు పట్టేసిన కుక్కకు ఆ లెక్కలో చోటుండదు.

అయినా ముసలి కుక్కకు ఇల్లు దొరుకుతుంది. జాలి కబుర్లతో దొరకదు. ఆ కుక్క ఎలాంటిదో ఓపిగ్గా తెలుసుకుని, తెలిసింది తెలిసినట్టు చెప్తే దొరుకుతుంది. ఇల్లు దొరికేదాకా కొన్నాళ్లు మన ఇంట్లో ఉంచుకునేది ముఖ్యంగా అందుకేనని నా నమ్మకం.

ఈమధ్య మా ఇంట్లో ఉండి వెళ్లిన గోధుమరంగు మగకుక్క సంగతే చెప్తాను. నాటుకుక్క. సారపాక రోడ్డు పక్కన టీకొట్టు బెంచీ కింద పడి ఉండేది. మెడ చుట్టూ తాడు ఒరుసుకున్న పాత మచ్చ, చెవుల్లో గుత్తులుగా గోమార్లు. పళ్లు అరిగిన తీరు, నెరిసిన మూతి చూసి తొమ్మిదేళ్లకు తక్కువుండదన్నారు డాక్టరుగారు. కళ్లలో నీలిపొర చూసినవాళ్లంతా గుడ్డిదని తేల్చేశారు. వయసు మళ్లిన కుక్కల్లో కంటి కటకం గట్టిపడి అలా నీలంగా కనిపిస్తుంది; చూపు చాలావరకు అలాగే ఉంటుంది. శుక్లం వేరు, అది తెల్లగా మసకబారి ఉంటుంది. దాని ముందు నుంచి ఒక దూది ఉండ జారవిడిచాం. చప్పుడు లేని ఆ ఉండ వెంటే దాని తల కూడా కిందికి దిగింది. "చూపుంది" అని ఆ రోజు నుంచి ధైర్యంగా చెప్పగలిగాను.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నాయి. గోమార్ల వల్ల వచ్చే జ్వరం. దానికి డాక్సీసైక్లిన్ మాత్రలు సాధారణంగా నాలుగు వారాలు వాడాలి. ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తుంది కాబట్టి ముందు గుడ్డు కలిపిన అన్నం పెట్టేవాళ్లం. కుంటుతోంది కదా అని మనం వేసుకునే ఒళ్లునొప్పుల బిళ్ల సగం విరిచి పెట్టేవాళ్లు ఉంటారు. దయచేసి పెట్టకండి. ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కల కడుపులో పుళ్లు చేస్తాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి.

ఒంటి సంగతి డాక్టరు చెప్తారు. అలవాట్లు మాత్రం ఇంట్లో పెట్టుకున్నవాళ్లకే తెలుస్తాయి. మొదటి రోజుల్లో అది తిన్నది తిని మూలకు పోయేది, పిలిస్తే పలికేది కాదు. జ్వరం తగ్గాక అసలు స్వభావం బయటపడింది. పగలంతా నిద్ర. చీకటి పడితే లేచి ప్రహరీ చుట్టూ తిరిగి, ఒకచోట కూర్చుని, మళ్లీ తిరిగేది. ఊరికే అరిచే రకం కాదు. గేటు దగ్గర కొత్త అడుగు పడితేనే గొంతెత్తేది. ఎక్కడో చేను కాసి ఉంటుందని నాకనిపించింది. రాత్రి నిద్రపోనివ్వదని దాన్ని లోపంగా రాస్తే ఎవరూ తీసుకోరు, దాచిపెట్టి ఇస్తే వారంలో వెనక్కి వస్తుంది. ఆ అలవాటు ఎవరికి కావాలో వెతకడమే మిగిలిన పని.

దుమ్ముగూడెం మండలంలో, ముందు గోదావరి వెనక అడవి ఉన్న ఊళ్లో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడకు కావలసి వచ్చింది. కొడుకు హైదరాబాదులో ఉంటాడు. ఆమెకూ రాత్రి నిద్ర పట్టదు. నేను అంతా చెప్పాను: పరుగెత్తలేదు, మెట్లు ఎక్కలేదు, కోళ్ల దగ్గర వదలొద్దు, నెలనెలా మందుల ఖర్చుంటుంది. అన్నీ విని, "ఎన్నాళ్లు ఉంటది బాబూ?" అంది.

"మూడేళ్లో, నాలుగేళ్లో. చెప్పలేం పెద్దమ్మా."

"నేనూ అంతేగా. ముందు నేను పోతే దీన్నెవరు చూస్తారు?"

కుక్కపిల్లలు అడిగేవాళ్ల నోట ఈ ప్రశ్న నేనెప్పుడూ వినలేదు. ఆ పరిస్థితి వస్తే నేనే తీసుకెళ్తానని కాగితం మీద రాసిచ్చాను. దిల్లీ వీధికుక్కల కేసులో, 2025 ఆగస్టు 22న, దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదేనని సుప్రీంకోర్టు అంది. న్యాయమే. కానీ తీసుకున్నది వయసు మళ్లిన మనిషైనప్పుడు ఇచ్చినవాళ్లు కూడా ఆ బాధ్యతలో ఒక చెయ్యి వేయాలి.

ఇంకో షరతు కూడా పెట్టాను: రాత్రి దొడ్డి దాటనివ్వకూడదు. పందుల కోసం చేల చుట్టూ బిగించే ఉచ్చులకూ కరెంటు తీగలకూ కుక్క అని తెలియదు. అడవి కోసం కూడా ఇది కావాలి. 2018లో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. కుక్కలకు వచ్చే జబ్బే అది. కిన్నెరసాని అభయారణ్యం మా జిల్లాలోనే ఉంది. అందుకే రేబిస్ టీకాతో పాటు డిస్టెంపర్ టీకా కూడా వేయించకుండా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించకుండా ఏ కుక్కనూ అడవి పక్క ఊరికి పంపను.

ఇక వరద. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అలాంటప్పుడు మనుషులను ట్రాక్టర్లలో ఎక్కించి పునరావాస కేంద్రాలకు తరలిస్తారు, కుక్కలు కట్టేసిన చోటే మిగిలిపోతాయి. ఆమెతో ఈ మాట కూడా ముందే అనుకున్నాం. 43 అడుగులకు మొదటి హెచ్చరిక రాగానే కుక్క మెడకు నా నంబరున్న బెల్టు వేస్తుంది. 48 అడుగుల రెండో హెచ్చరిక దాకా ఆగకుండా నాకు ఫోన్ చేస్తుంది, నేను ఆటో మాట్లాడి పంపిస్తాను. అందులో ఆమెకూ చోటుంటుంది.