సలిల్ చౌధురి: బాణీయొక్క భాషాంతర ప్రయాణము

పద్యము ఒక భాషనుండి మరియొక భాషకు పోవునప్పుడు నాదమును వెనుక విడిచి అర్థమును వెంట తీసికొనిపోవును. బాణీ అట్లు కాదు. అది భాష మారునప్పుడు అర్థమును విడిచి నాదమునే మోసికొనిపోవును. భారతీయ చలనచిత్ర సంగీతమున ఈ రెండవవిధమగు ప్రయాణమును సలిల్ చౌధురివలె జీవితాంతము సాగించినవారు అరుదు. వంగభాషలో పుట్టిన ఆయన బాణీ హిందీలో వినవచ్చెను. ఒక తీరమున మెప్పుపొందిన వరుస వేరొక తీరమున వేరుమాటలతో మరల జీవించెను. ఆయనను మెచ్చనివారు దీనిని పొదుపరితనమనిరి; ఉన్న సొమ్మునే మార్చి మార్చి వ్యయము చేయుచున్నాడనిరి. మెచ్చినవారు బాణీల మాధుర్యమును కొనియాడి ఊరకుండిరి. ఈ రెండు మాటలును అసలు ప్రశ్నను తాకవు.

అర్థమును విడిచిన బాణీతో ఏమి వచ్చును? ఏమి రాకుండ పోవును? ప్రజోద్యమమున కవిగా, గాయకుడుగా మొదలిడి, తరువాత చలనచిత్ర పరిశ్రమలో సంగీతకర్తయైన మనుష్యుని విషయమున ఈ ప్రశ్న కేవలము సంగీతశాస్త్రమునకు చెందినది కాదు. ఆయన తన మొదటి శ్రోతలను వెంట తెచ్చుకొనెనా, దారిలో విడిచివచ్చెనా అను విచారణయు ఇందులోనే ఇమిడి యున్నది.

సలిల్ చౌధురి బాల్యములో చాలభాగము అస్సాము తేయాకు తోటలలో గడచెను. తండ్రి అచ్చటి వైద్యుడు. ఇంట పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు గ్రామఫోను పలకలు ఉండెడివి. ఇంటివెలుపల పలుప్రాంతములనుండి వచ్చిన కూలీల పాటలు వినవచ్చుచుండెడివి. సామాన్యముగా సంగీతాభ్యాసి తనదైన సంప్రదాయమును మొదట నేర్చి, పరాయిదానిని పెద్దవాడైన పిదప వినును. ఈ బాలుని చెవికి రెండును ఒకేకాలమున, ఒకే వాకిట చేరెను. కావున ఆయన సంగీతములోని పాశ్చాత్య లక్షణములను దిగుమతి సరకుగా లెక్కించుట తగదు. మొజార్టును కూలీల పాటలును ఆయనకు ఇరుగుపొరుగులే.

చదువు ఆయనను వంగదేశపు పల్లెటూళ్లకును కలకత్తా కళాశాలకును చేర్చెను. అంతలో 1943 నాటి వంగక్షామము వచ్చెను. అందు మరణించినవారి సంఖ్య దాదాపు 30 లక్షలని చరిత్రకారుల అంచనా. ఆ సంవత్సరముననే భారత ప్రజానాట్య సంఘము అవతరించెను. ఆంధ్రదేశమున ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూర వినిపించిన కాలమును అదియే. సలిల్ ఆ సంఘమున చేరి రైతుల సభలకు పాటలు కట్టెను. న్యాయాధిపతిని నిలదీయు పాటకు ఆయన వంగీయ కీర్తనపు బాణీని వాడుకొనెను. పంటలో మూడింట రెండు వంతులు కౌలురైతునకు చెందవలెనని కోరిన తేభాగా ఉద్యమమునకు, కోసిన వరిని కాపాడుకొమ్మని హెచ్చరించు పాటను కూర్చెను.

ఇచ్చట ఒక విశేషమును గుర్తింపవలెను. భారతీయ గానము ప్రధానముగా ఏకకంఠ గానము. పదిమంది పాడినను వారు ఒకే స్వరపంక్తిని పాడుదురు. ఉద్యమపు పాటలో సలిల్ ఈ కట్టడిని సడలించెను. ఒక జట్టు ఒక పంక్తిని, మరియొక జట్టు దానికి భిన్నమై, దానితోనే పొసగు వేరొక పంక్తిని పాడు పద్ధతిని ఆయన వృద్ధిచేసెను. ఇది పాశ్చాత్యమని ఆక్షేపింపబడెను. కాని జనసమూహము నిజముగా ఒకే గొంతుతో పలుకదు. ఒకడు పిలుచును, ఒకడు బదులిచ్చును, ఒకడు వెనుకనుండి గొణుగును. ఆయన స్వరసమ్మేళనమునకు సభామందిరముకంటె పొలముగట్టు దగ్గరి చుట్టము. తరువాత ఆయన బొంబాయిలో యూత్ కోయిర్ అను బృందగాన సంస్థను నెలకొల్పుటకును ఈ విశ్వాసమే మూలము.

1949లో హేమంత ముఖర్జీ పాడిన పల్లెకోడలి పాట సలిల్ పేరును వంగదేశమంతట వ్యాపింపజేసెను. మాటయు బాణీయు ఆయనవే. ఒక గ్రామవధువు కలిమి, నెమ్మది మొదట వర్ణింపబడును. ఆపైన క్షామము వచ్చి ఆ ఇంటిని తుడిచివేయును. నాటి పలక ఒక్కొక్క వైపున దాదాపు మూడు నిమిషములు మాత్రమే పట్టెడిది. ఈ పాట రెండువైపులకును విస్తరించెను. పల్లవికి మరల మరల వచ్చు మామూలు గీతమువలె గాక, ఇది కథవలె ముందునకే నడచును. గడచిపోయిన ఇల్లు తిరిగి రానట్లే మొదటి సుఖమునకు బాణీయు తిరిగి పోదు. రూపము విషయమును ఇంతగా అనుసరించిన పాటలు ఆనాటి పలకలలో కొద్ది.

సుకాంత భట్టాచార్య పద్యమునకు ఆయన కూర్చిన తపాలాబంటు పాటయు ఇట్టిదే. రాత్రివేళ సంచి మోయుచు పరుగెత్తు మనుష్యునకు విశ్రాంతి లేదు. బాణీలో ఆధారశ్రుతికిని స్థిరత్వము లేదు. అది చోటు మార్చుచు, వినువానిని పరిచితమగు విరామస్థానమునకు చేరనీయదు. ఈ రెండు రచనలలోను మాట ముందు నడచెను, బాణీ దాని అడుగుజాడలను వెదకుకొనెను. ఈ క్రమమును జ్ఞప్తియందుంచుకొనుట అవసరము. ఏలయన, సినిమాలో ఇది తలక్రిందులయ్యెను.

ఆయన సినిమా జీవితము వంగచిత్రమగు ‘పరివర్తన్’తో 1949లో ప్రారంభమైనను, హిందీ రంగమునకు ఆయనను గొనిపోయినది కథారచనయే. ఆయన వ్రాసిన రిక్షావాని కథను బిమల్ రాయ్ 1953లో ‘దో బీఘా జమీన్’గా తెరకెక్కించెను. రెండు బీఘాల నేలను దక్కించుకొనుటకై రైతు కలకత్తాకు పోయి రిక్షా లాగును. తుదకు నేల దక్కదు. ఆ చిత్రములోని వానపాటయు, ఊరు విడుచువేళ వినిపించు పాటయు బృందగానములే. రెండవదానిలో సోవియట్ సైన్యగీతమొకదాని నడక ఉన్నదని రసికులు గుర్తించిరి. విజయయాత్రకై పుట్టిన నడకను నేల విడిచిపోవు రైతునకు ఇచ్చుటలో ఒక వేదన కలదు. బాణీ తన పూర్వార్థమును పూర్తిగా మరువలేదు. ఆ జ్ఞాపకమే క్రొత్త సన్నివేశమును లోతుచేసెను.

1956 నాటి ‘జాగ్‌తే రహో’ ఈ దశకు శిఖరము. ప్రజానాట్య సంఘమునుండి వచ్చిన శంభు మిత్ర, అమిత్ మైత్రలు దానికి దర్శకులు. దప్పిగొన్న పల్లెటూరివాడు నగరమున రాత్రియంతయు దొంగగా తరుమబడి, తెల్లవారువేళ ఒక స్త్రీ పోసిన నీరు త్రాగును. అచ్చట లతా మంగేష్కర్ కంఠమున వినవచ్చు భైరవరాగపు పాట ఉదయమును వర్ణించుటతో తృప్తిపడదు. రాత్రియంతయు సంగీతము ఆపిపట్టిన ప్రశాంతిని ఒక్కసారిగా విడుచును. గుక్కెడు నీటికి అంత నాదము కావలసి వచ్చెనని శ్రోతకు స్ఫురించును.

ఋత్విక్ ఘటక్ కథతో బిమల్ రాయ్ తీసిన ‘మధుమతి’ 1958లో సలిల్‌కు సర్వభారత ప్రసిద్ధిని, ఫిలింఫేర్ బహుమానమును తెచ్చెను. కొండజాతుల పాటల పోకడలు, పోలండు జానపదగీతపు వరుస అందు చోటుచేసికొనెను. ప్రసిద్ధితోబాటు ప్రమాదమును వచ్చెను. 1961 నాటి ‘ఛాయ’లో మొజార్ట్ నలువదవ సింఫనీ మొదటి వరుసను ఆయన ప్రేమగీతముగా మలచెను. వరుస మనోహరముగా ఇమిడెను. కాని మొజార్ట్ గొప్పతనము ఆ వరుసలోకంటె, అది తరువాత పొందు పరిణామములో ఉన్నది. సినిమా పాటకు అంత వ్యవధి లేదు. ఇంటిని విడిచి గుమ్మమును మాత్రమే తెచ్చినట్లయ్యెను. తపాలాబంటు పాటలో పాశ్చాత్య నిర్మాణపు మర్మమును గ్రహించినవాడు ఇచ్చట దాని ఆభరణముతో తృప్తి చెందెననుట కఠినమైనను సత్యమునకు దూరము కాదు.

ఇక తన బాణీలను తానే భాష మార్చిన సందర్భములు. 1959లో లతా పాడిన వంగగీతము, వెడలిపోవుచున్నవానిని పోవలదని వేడుకొనుట. మరుసటి సంవత్సరము ‘పరఖ్’ చిత్రమున ఆ బాణీయే శైలేంద్ర మాటలతో వానపాట యయ్యెను. ఖమాజు ఛాయ రెంటను ఒకటే, గాయని ఒకతెయే. వంగగీతమున స్వరము ఆగినచోట ఎదుటివాని అడుగులు ఆగునేమోయను ఆశ కలదు. హిందీలో అదే విరామమున చినుకు వినబడును. బాణీ మోసికొనివచ్చినది వియోగమును కాదు, వర్షమును కాదు, నిరీక్షణయొక్క ఆకృతిని. అది రెండు అర్థములకును పూర్వమే ఉన్నది.

‘ఆనంద్’ (1971) ఇంకను స్పష్టమైన సాక్ష్యము. దానిలో ముకేశ్ పాడిన సంధ్యాగీతపు బాణీ అంతకుముందే హేమంత ముఖర్జీ కంఠమున వంగభాషలో వెలువడెను. అందు ధ్రువతార దిక్కు తోచనివానిని ప్రశ్నించును. హిందీలో యోగేశ్ దానిని ప్రొద్దు వాలువేళ ఒంటరితనముగా మార్చెను. మరణము సమీపించినదని ఎరిగి నవ్వుచు తిరుగువాడు ఆ పాటలో మాత్రమే నవ్వును విడుచును. మొదటి పాటలోని ప్రశ్న మాటలలో మాయమైనను, పైకి పోయి తీర్పులేక దిగివచ్చు స్వరములలో నిలిచి యున్నది. అర్థము పోయినదనుకొన్నచోట దాని నీడ మిగిలెను.

అయినను నష్టము లేదనరాదు. బాణీ ముందు సిద్ధమైనప్పుడు కవి ఇతరుని కొలతకు కుట్టిన చొక్కాలో దూరవలసి వచ్చును. సలిల్ పదములు అసమములు. విరుపులు ఊహింపరాని చోట్ల వచ్చును. శైలేంద్ర, యోగేశ్, మలయాళమున వయలార్ రామవర్మ వంటివారు ఆ నిర్బంధమును రచనాశక్తిగా మార్చుకొనిరి. అంతటి కవి లేనిచోట మాట బాణీకి కూలివలె నడచెను. తానే కవియైన సంగీతకర్త ఇతర కవుల మాటకు ఈ స్థానమునిచ్చుట ఆయన వృత్తిలోని విరోధాభాసము.

తకళి శివశంకర పిళ్ళ నవలను రాము కార్యాట్ 1965లో ‘చెమ్మీన్’గా తీసినప్పుడు సలిల్ బాణీ తనకు రాని భాషను మొదటిసారి చేరెను. అందలి విరహగీతమును పాడిన మన్నా డే సయితము మలయాళి కాడు. అయినను కేరళము ఆ పాటను తన సముద్రపు పాటగా స్వీకరించెను. బాణీయందలి విశాలమగు ఊగిసలాటకు పడవవారి జీవితము తనంత తానే అమరెను. ఆ చిత్రము రాష్ట్రపతి స్వర్ణపతకము పొందెను. అటుపైన సలిల్ ఇరువదికి పైగా మలయాళ చిత్రములకు సంగీతము కూర్చెను. తెలుగులోను 1974 నాటి ‘చైర్మన్ చలమయ్య’కు ఆయనదే సంగీతము. దక్షిణమున ఆయన వద్ద పనిచేసినవారిలో ఆర్.కె. శేఖర్ ఒకడు, ఏ.ఆర్. రహమాన్ ఆయన కుమారుడే. ఆయన వాద్యబృందమున గిటారు వాయించిన ఇళయరాజా తరువాత తెలుగు తమిళ చిత్రములలో వాద్యసమ్మేళనమునకు క్రొత్త జీవమిచ్చెను. పాటలు లేని ‘కానూన్’ (1960) చిత్రమునకు సలిల్ కూర్చిన నేపథ్యసంగీతమును, ఆయన వాద్యమును పాటకు పరిచారికగా మాత్రమే ఎంచలేదని తెలుపును.

1995 సెప్టెంబరు 5న ఆయన కలకత్తాలో మరణించెను. ఆయన తన మొదటి శ్రోతలను విడిచివచ్చెనా అను ప్రశ్నకు సంపూర్ణమగు కాదు అనునది సమాధానము కాజాలదు. ఉద్యమపు పాటను పాడినవాడే వినెడివాడు. సినిమా పాటలో పాడువాడొకడు, వినువారు లక్షలు. గళము విప్పిన జనము ప్రేక్షకులై కూర్చుండిరి. ఇది ఆయన ఒక్కని దోషము కాదు, ఆ కళారూపపు స్వభావము. ఐనను నష్టము నష్టమే.

కాని ఆయన పాటను తిరిగి వినునప్పుడు ప్రధానగాత్రము మీదనే చెవి నిలుపరాదు. దాని వెనుక వేణువు ఎదురు పలుకును; తంత్రీవాద్యములు వేరొక త్రోవను నడచుచు కూడలియందు కలిసికొనును; ముందుగాత్రము మౌనము వహించినచోట మరియొకటి మాట అందుకొనును. పొలముగట్టున పిలిచినవాడు, బదులిచ్చినవాడు, గొణిగినవాడు వీరే. వారికి మాటలు పోయినవి, పంక్తులు పోలేదు. ఏ భాషకు పోయినను సలిల్ చౌధురి బాణీ ఒంటరిగా పోకుండుటకు ఇదియే కారణము.